ఘాజీ ఏ రాత్రి మునిగినది?

మెల్బోర్న్ మహానగరమునకు నైరుతి దిక్కున సుమారు 32 కిలోమీటర్ల దూరములోనున్న వెర్రిబీ పేరు మొదటిసారి విన్న తెలుగువారు నవ్వక మానరు. పిదప ఆ పేరునకును వెర్రికిని ఏ సంబంధమును లేదనియు, ఈ నేలకు తొలి హక్కుదారులైన ఆదివాసుల భాషలో దానికి వెన్నెముక యని యర్థమనియు తెలిసికొని నాలుక కరచుకొందురు. ఊరి పేరే పెట్టుకొన్న చిన్న నది కాలీఫ్లవరు, క్యాబేజీ తోటల ప్రక్కగా మెలికలు తిరిగి, వెర్రిబీ సౌత్ కడ పోర్ట్ ఫిలిప్ అఖాతమున కలియును. ఆ కలియుచోట గాలములు వేసికొని కూర్చుండువారికి కొదువ లేదు. పిల్లల యొద్ద కొన్ని నెలలు గడపిపోవుటకై వచ్చిన మన తల్లిదండ్రులను శని ఆదివారములలో కారులో తెచ్చి దింపునది అచ్చటికే. ఉప్పుగాలి ముక్కుకు తగిలినంతనే విశాఖపట్టణమువారికి ప్రాణము లేచివచ్చును.

అట్లు దిగిన ఇరువురు విశాఖ పెద్దలు, వరుసకు బావాబావమరదులు, ఒక డిసెంబరు సాయంకాలమున (ఇచ్చట డిసెంబరు నడివేసవి సుమా) రేవు బల్లపై కూర్చుండి వాదులాడుకొనుచుండగా ప్రక్కనే యుండి వింటిని. వాదము పాకిస్థాను జలాంతర్గామి ఘాజీని గూర్చి.

“ఆ రాత్రి మా ఇంటి కిటికీ అద్దాలు గలగలమన్నాయి బావా. నా చెవులతో నేను విన్నాను,” అనిరి ఒకరు.

“నువ్వు విన్నావా, మీ నాన్న చెప్తే విన్నావా? అప్పటికి నీకు ఏడేళ్లు.”

“ఏడేళ్లకి చెవులుండవా?”

“చెవులుంటాయి. తేదీలుండవు.”

వాదము నవ్వులతో ముగిసినది గాని, చివర పలికిన ఆ ముక్క ఈ విషయమై అర్ధశతాబ్దముగా వెలువడిన గ్రంథములన్నిటికంటె సూటిగా నాకు తగిలినది. ఘాజీని గూర్చి మనకు కొరవడినది సరిగా తేదీయే. ఓడ మునిగిన చోటు తెలియును. ఏ నెలయో, ఏ వారమో తెలియును. లోపలనున్నవారిలో ఒక్కరును బ్రతికి బయటపడలేదనియు తెలియును. ఏ రాత్రి మునిగినదను దానిపై మాత్రము మన దేశపు సేనానుల మాటలే ఒకదానితో నొకటి పొసగవు. యుద్ధము ప్రారంభమైన పిదప మునిగినదా, పూర్వమే మునిగినదా యను ప్రశ్న దానినుండి పుట్టుచున్నది. ముంచినవారెవరను ప్రశ్న దానిని పట్టుకొని వ్రేలాడుచున్నది.

అమెరికా నౌకాదళమునకై 1944లో జలప్రవేశము చేసి, డయాబ్లో యను పేరుతో కొలువు చేసి, 1964లో అద్దె ఒప్పందముపై పాకిస్థాను చేతికి వచ్చిన యోడ యిది. దక్షిణాసియాలో ఏ నౌకాదళమునకైనను దక్కిన మొట్టమొదటి జలాంతర్గామి యదియే. 1965 యుద్ధమున తిరిగినది. ఆ తరువాత తుర్కీలో మరమ్మతులు పొంది, సముద్రమున మందుపాతరలు పరచు సాధనసంపత్తిని సమకూర్చుకొన్నది. 1971 నవంబరు 14న కరాచీ విడిచి, మన ద్వీపకల్పమును చుట్టి, బంగాళాఖాతమున ప్రవేశించినది. అంత దూరము పోయి, పొంచియుండి, తిరిగి రాగల జలాంతర్గామి పాకిస్థానునకు నాడు ఇదొక్కటియే. దానికి అప్పగించిన పనులు రెండు: మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకి ముంచుట యొకటి, విశాఖ రేవు వాకిట మందుపాతరలు పరచుట మరియొకటి. నాయకుడు కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్. అతనితో కలిపి లోపలనున్నవారు 93మంది.

విక్రాంత్ విశాఖలో లేదు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ దానిని అండమాను దీవుల చాటునకు తరలించి, రెండవ ప్రపంచయుద్ధకాలపు ముసలి డిస్ట్రాయరు రాజ్‌పుత్ చేత విక్రాంత్ వేషము కట్టించెను. వయసు మీరిన భాగవతుడు సత్యభామ జడ వేసికొని తెర వెనుకనుండి పాట యెత్తుకొన్నట్లు, రాజ్‌పుత్ సముద్రముమీదనుండి పెద్ద యోడ పంపవలసినన్ని వైర్‌లెస్ వార్తలను గుప్పించినది. అంతటితో తృప్తిపడక కృష్ణన్, విశాఖ కంట్రాక్టరులకు విమానవాహక నౌకకు సరిపడునంత మాంసము, కూరగాయలు పురమాయింపించెను; బజారులో పుట్టిన మాట కరాచీ చేరకపోదని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. రేవు పట్టణపు కూరగాయల బేరము యుద్ధతంత్రములో నొక భాగమగుట మన యితిహాసములలో నెచ్చటను కానరాని విశేషము.

తరువాతి కథ కృష్ణన్ తన గ్రంథములో చెప్పినట్లుగా ఇది. డిసెంబరు 3 సాయంకాలము పాకిస్థాను విమానములు మన పశ్చిమ దిక్కు విమానాశ్రయములపై బాంబులు కురిపించినవి. అర్ధరాత్రి దాటినంతట ప్రధానమంత్రి ఇందిరాగాంధీ రేడియోలో దేశమును గూర్చి ప్రసంగించిరి. సరిగా ఆ వేళకే రాజ్‌పుత్ విశాఖ రేవు దాటి, దారి చూపవచ్చిన పైలట్‌ను దింపి, వేగము హెచ్చించుచుండగా, కొంత దూరమున నీరు అకారణముగా కలగుట కావలివాని కంటబడినది. నౌకాధిపతి ఇందర్ సింగ్ ఆ చోట రెండు డెప్త్ చార్జీలు వేయించెను. కొలది నిమిషములలో మహాధ్వని పుట్టి, బీచి వెంబడి ఇండ్ల కిటికీలు గడగడలాడినవి. తెల్లవారి వేటకు పోయిన జాలరులు నీటిపై తెట్టు కట్టిన నూనెను, తేలియాడు శకలములను చూచి వచ్చి చెప్పిరి. తరువాత గజఈతగాండ్రు దిగి, అది ఘాజీయని నిర్ధారించిరి. డిసెంబరు 9న ప్రభుత్వము లోకమునకు ప్రకటించినది. రాత్రివేళ నీరు కలగుట ఎట్లు కనబడెనని శంకించువారికి నేను చెప్పదగిన దొకటి కలదు: 1971 డిసెంబరు 2 మార్గశిర పౌర్ణమి. మూడవ తేదీ నడిరేయికి చంద్రుడు ఆకాశమున మిక్కిలి యెత్తున ఉండవలసినవాడే. మబ్బు కమ్మకున్నయెడల వెన్నెలకు లోటు లేదు.

ఈ కథకు ఎదురుకథ పాకిస్థానునుండి వచ్చుట సహజము, వచ్చినది కూడ. తమ యోడ మందుపాతరలు పరచుచు, వానిలో నొకటి ప్రమాదవశమున పేలుటచే మునిగినదని వారి వాదము. అయితే అంతకంటె ఇబ్బందికరమైన మాట మన యింటినుండియే పుట్టినది. నాడు తూర్పు సైనిక కమాండునకు స్టాఫ్ ప్రధానిగా నుండి, ఢాకా లొంగుబాటునకు ఏర్పాట్లు చేసిన జనరల్ జేకబ్, ఘాజీ శకలములను జాలరులు కనుగొన్న వార్త తనకు డిసెంబరు 3వ తేదీననే కృష్ణన్ నోట వినవచ్చినదనియు, కావున ఆ యోడ ఒకటవ తేదీననో రెండవ తేదీననో తన పాతరలతో తానే పేలిపోయియుండుననియు వ్రాసెను. జేకబ్ మాటయే నిజమైనచో, రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు వట్టినీటిలో పడినవి. ఇంతేకాక, ఘాజీ మరణము యుద్ధములో జరిగినది కాదు, యుద్ధమునకు ముందటి శాంతిలో, అది యెంత బూటకపు శాంతి యైనను, జరిగినది.

తేదీ మారిన నేమి, శత్రువు ఎట్లును మునిగెను గదా యనువారు కలరు. వారు గమనింపవలసిన దేమన, యుద్ధము ఎవరు ప్రారంభించిరను వాదము 1971లో ప్రపంచ సభలయందు మిక్కిలి విలువగల సరకు. మూడవ తేదీ సాయంకాలపు విమానదాడి వలన ఆ వాదమున ధర్మము మన పక్షమున స్పష్టముగా నిలిచినది. అంతకు పూర్వమే మన రేవు వాకిట పాకిస్థాను జలాంతర్గామి శవమై పడియుండిన, దానిని ముంచినవారెవరను ప్రశ్నకు జవాబు చెప్పుట మనకును కష్టమగును. శాంతికాలమున మన రేవులో పాతరలు పరచవచ్చితివేమని అడిగినచో పాకిస్థానునకు అంతకంటెను కష్టమగును. అందుచేత అర్ధరాత్రి పండ్రెండు దాటిన పిదప మునుగుట ఇరువురికిని సౌకర్యమే. సౌకర్యముగా నున్నంతమాత్రమున అది అబద్ధమని నేననుట లేదు. సౌకర్యముగానున్న సంగతులకే సాక్ష్యము హెచ్చుగా కావలెనని మాత్రము అనుచున్నాను.

ఓడ మునుగుటకును యుద్ధము పుట్టుటకును గల ముడి యెట్టిదో పరిశీలింపగోరువారు 1898వ సంవత్సరపు హవానా రేవునకు పోవలెను. అప్పటికి మూడేండ్లుగా క్యూబా ప్రజలు స్పెయిన్ ప్రభుత్వముపై తిరుగబడియుండిరి. వేలర్ అను స్పెయిన్ సేనాని పల్లెవాసులను శిబిరములలోనికి తోలి, ఆకలికిని రోగములకును అప్పగించియుండెను. జనవరిలో హవానాలో అల్లరులు రేగగా అమెరికా మెయిన్ అను యుద్ధనౌకను పంపినది. పైకి చెప్పిన పేరు స్నేహయాత్ర. ఫిబ్రవరి 15 రాత్రి నౌకాధిపతి సిగ్స్‌బీ తన గదిలో కూర్చుండి భార్యకు ఉత్తరము వ్రాసికొనుచుండెను. నావికులు ఓడ ముందుభాగమున నిద్రకు ఉపక్రమించియుండిరి. 9 గంటల 40 నిమిషములకు ఆ ముందుభాగమే బ్రద్దలైనది. 260మందికి పైగా మరణించిరి. నీటబడినవారిని ప్రాణములకు తెగించి పైకి లాగినవారిలో రేవునందున్న స్పెయిన్ యుద్ధనౌక నావికులును ఉండిరను సంగతి తరువాతి కేకలలో ఎవరికిని వినబడలేదు.

సిగ్స్‌బీ ఆ రాత్రియే పంపిన తంతిలో, పూర్తి సమాచారము వచ్చువరకు ప్రజాభిప్రాయమును నిలిపియుంచవలెనని కోరెను. తన మనుష్యుల శవములు ఇంకను నీటిలోనుండగా ఒక నౌకాధిపతి అంత నిగ్రహముగా వ్రాయగల్గుట నన్నెప్పుడును ఆశ్చర్యపరచును. ఆ నిగ్రహము న్యూయార్కు పత్రికాధిపతులకు లేకపోయెను. హర్స్ట్ పత్రిక అపరాధులను పట్టి యిచ్చినవారికి 50,000 డాలర్ల బహుమానము ప్రకటించినది, అపరాధము జరిగినదో లేదో తేలకముందే. (బొమ్మలు నీవు పంపుము, యుద్ధము నేను సమకూర్తునని హర్స్ట్ తన చిత్రకారునకు తంతి యిచ్చెనను కథ మన పాఠకులును వినియుందురు, అట్టి తంతిని కన్నులార చూచినవారు లేరు, హర్స్ట్ స్వయముగా కాదనెను, కావున దానిని నేను నమ్మను. అతడు చేసినట్లు నిస్సందేహముగా తెలిసినవే చాలును.) అమెరికా నౌకాదళపు విచారణసంఘము నాలుగు వారములు కూర్చుండి, ఓడ వెన్నుగాడి తలక్రిందులైన వీ యక్షరమువలె పైకి వంగియుండుట చూచి, క్రిందనుండి పాతర పేలినదని తీర్పు చెప్పినది, ఎవరు పెట్టిరో చెప్పలేదు. ప్రజలకు ఆ శేషము పూరించుకొనుటకు క్షణము పట్టలేదు.

స్పెయిన్‌వారును వేరుగా విచారించిరి. వారి ప్రశ్నలు ఏ జాలరియైనను అడుగదగినంత తేటవి: పాతర నీటిలో పేలినచో ఆకాశమునకు లేచిన నీటిస్తంభమును ఎవరును చూడలేదేమి? మరునాడు రేవులో చచ్చి తేలిన చేపలు లేవేమి? ఈ ప్రశ్నలను వాషింగ్టనులో వినువారు లేకపోయిరి. క్యూబాలో జోక్యమునకై ఉభయసభలు చేసిన తీర్మానపు పీఠికలోనికే మెయిన్ వినాశము ఎక్కినది. ఏప్రిల్ 25న యుద్ధప్రకటన వెలువడినది. సంవత్సరాంతమునకు స్పెయిన్ క్యూబాను వదలుకొనుటయు, పోర్టోరికో, గువాము, ఫిలిప్పీను దీవులు అమెరికా వశమగుటయు జరిగిపోయినవి. హవానా రేవు బురదలో పుట్టిన కోపమునకు మనీలాలో ప్రజలు మరికొన్ని సంవత్సరములు నెత్తురుతో వెల చెల్లించిరి.

ఇక కారణము. 1911లో ఓడ చుట్టును గోడ కట్టి, నీరు తోడి, శకలమును ఎండలో పరిశీలించిరి. అప్పటి సంఘమును పాతరయే యన్నది గాని, మొదటి సంఘము చూపిన చోట కాదు, మరియొక చోట పేలినదన్నది. పిమ్మట ఆ శకలమును లోతునీటికి లాగికొనిపోయి శాశ్వతముగా ముంచిరి. 1976లో అడ్మిరల్ రికోవర్, అణుశక్తి జలాంతర్గాములకు పితామహుడనదగినవాడు, నిపుణులచేత పాత చిత్రములను, కొలతలను తిరిగి పరీక్ష చేయించి, బయటి పాతర కాదు, ఓడలోని బొగ్గుకొట్టే కారణమై యుండుననెను. మన సింగరేణి ప్రాంతమువారికి ఇది చెప్పనక్కరలేదు. కుప్పవేసిన బొగ్గు గాలి తగిలి లోలోపల వేడెక్కును. ఆ వేడి పోవు దారి లేక పేరుకొని, ఎవరును నిప్పు పెట్టకయే ఎచ్చటనో అడుగున రాజుకొనును. పొగ పైకి వచ్చునప్పటికి ఆలస్యమైయుండును. నివురు గప్పిన నిప్పని మనము వాడుకగా ననుకొను మాట అక్షరాల యిదియే. మెయిన్ ఓడలో అట్టి బొగ్గు నిలువచేసిన కొట్టునకును తుపాకిమందు దాచిన గదికిని నడుమనున్నది ఒక్క ఉక్కు రేకుగోడ. కుంపటి ప్రక్కనే చిచ్చుబుడ్లు పేర్చి, మధ్య పళ్లెము నిలబెట్టినట్టు. ఆ కాలపు అమెరికా యోడలు పెక్కింటిలో బొగ్గుకొట్టులు రాజుకొనుటయు, వేళకు కనిపెట్టి ఆర్పుటయు జరిగియేయున్నవి. 1998లో కంప్యూటరు గణనలతో చేసిన పరిశోధన రికోవర్ మాటను పూర్తిగా స్థాపింపను లేదు, త్రోసివేయను లేదు. అయినను చచ్చిన చేపల ప్రశ్నకు పాతరవాదులు సంతృప్తికరమగు జవాబు నేటికిని చెప్పలేదు గనుక, నా మొగ్గు బొగ్గువైపే.

మెయిన్‌కును ఘాజీకిని పోలిక తెచ్చుట కొందరికి రుచింపకపోవచ్చును. పోలిక సమగ్రము కాదని నేనే ఒప్పుకొందును. తూర్పు బంగాళమున లక్షలాది ప్రజలు హతులై, కోటిమంది శరణార్థులు మన దేశమునకు చేరిన 1971లో యుద్ధమునకు ఓడ మునుగవలసిన యగత్యము లేదు. అక్కడ తెలియని కారణము యుద్ధమును పుట్టించినది. ఇక్కడ యుద్ధమే కారణమును తెలియనీయక కప్పివేసినది. వింత యేమనగా, మెయిన్‌ను తాము ముంచలేదని స్పెయిన్ మొరపెట్టుకొనెను. ఘాజీని మనమే ముంచితిమని పట్టుపట్టుచున్నాము. తమంతట తామే మునిగితిమని పాకిస్థాను ఒప్పుకొనుచున్నది. ఏ దేశమునకైనను శత్రువుచేత ఓడుటకంటె ప్రమాదముచేత చెడుట గౌరవముగా తోచును గాబోలు. ఓడ మునిగినంతనే యుద్ధము రాదనుటకును దృష్టాంతము లేకపోలేదు: 2010 మార్చిలో దక్షిణ కొరియా నౌక చోనాన్ రెండుగా విరిగి 46మంది మరణించినపుడు, ఆ ప్రభుత్వము శకలములను పైకి తీసి, ఆస్ట్రేలియా మొదలగు దేశముల నిపుణులను పిలిచి పరిశీలింపజేసినది; ఉత్తర కొరియా టార్పెడోయే కారణమని ఆ నిపుణులు తేల్చిరి; ఉత్తర కొరియా కాదన్నది; యుద్ధము మాత్రము రాలేదు.

మేముండు ఈ దేశమునకు ఇట్టి విషయములలో నొక మంచి యలవాటు కలదు. దానిని మెచ్చుకొనక తప్పదు. 1941 నవంబరు 19న పశ్చిమ తీరమునకు దూరముగా, సిడ్నీ అను యుద్ధనౌక, వర్తక నౌక వేషమున తిరుగుచున్న కార్మొరాన్ అను జర్మను నౌకతో పోరాడి, 645మందితో సహా మునిగినది. చెప్పుటకు ఒక్కడును మిగులలేదు. జర్మనులలో పలువురు బ్రతికి బయటపడి చెప్పినది విని ఆస్ట్రేలియనులు నమ్మలేకపోయిరి. జపాను జలాంతర్గామి యొకటి, పెర్ల్ హార్బరునకు పూర్వమే, ఈ పనిలో చేయి కలిపినదనియు, దానిని ప్రభుత్వము దాచుచున్నదనియు దశాబ్దముల తరబడి పుకార్లు నడచినవి. అట్టి పుకార్లకు కోపగించుకొనక, నవ్వి ఊరకుండక, దేశము ధనము వెచ్చించి వెదకినది. 2008 మార్చిలో రెండు ఓడలును సముద్రగర్భమున దొరికినవి. కోల్ విచారణసంఘము శకలముల చిత్రములను సాక్ష్యములతో సరిపోల్చి, మరుసటి యేట సుదీర్ఘమగు నివేదికను అందరి యెదుట పెట్టినది. బ్రతికిన జర్మనులు చెప్పినదే మొత్తముమీద నిజమని తేలినది. 1914 సెప్టెంబరులో 35మందితో మాయమైన ఏఈ1 జలాంతర్గామిని గూడ, నూరేండ్లు గడచినను విడువక, 2017 డిసెంబరులో కనుగొనిరి. ఏ ఓడనైనను సమాధిగానే గౌరవించిరి, పైకి లాగలేదు, చూచిరి, వ్రాసిరి, ప్రచురించిరి.

మన సంగతి వేరుగా నడచినది. ఘాజీని గూర్చి తూర్పు నౌకాదళ కేంద్రముననున్న పత్రములు ధ్వంసమైపోయినవని 2010లో పత్రికలు బయటపెట్టినవి. విజయమని మనము చెప్పుకొనుదాని దస్తావేజులు మన చేతులలోనే నశించుటకంటె విచారకరమైనది వేరొకటి యుండదు. ఓటమి పత్రములు తగులబెట్టువారు లోకములో కలరు, గెలుపు పత్రములు తగులబెట్టువారు అరుదు. 2024లో మన నౌకాదళము తన లోతునీటి రక్షణవాహనముతో విశాఖ తీరమునకు సమీపముననే ఘాజీ శకలమును గుర్తించినట్లు వార్తలు వచ్చినవి. గుర్తించిన పిదప ఏమి చూచినదో చెప్పవలసియున్నది.

ఓడ ముందుభాగమే చితికినదని గజఈతగాండ్రు చూచినట్లు చెప్పుదురు. టార్పెడోలును పాతరలును ఉండు చోటు అదియే. ఉక్కు రేకులు లోపలికి ముడుచుకొన్నవా, వెలుపలికి విచ్చుకొన్నవా యనునది కంటితో చూచి చెప్పదగిన సంగతి. ఇంచుమించు సగము తగవు దానితో తీరును. బ్యాటరీలు చార్జి యగునపుడు వెలువడు హైడ్రోజన్ వాయువు చేరి పేలెనను మూడవ ఊహయు కలదు. దానికిని గుర్తులు వేరుగానుండును. నా మట్టుకు నాకు, తాను పరచిన పాతరపైననో, తన గర్భముననున్న మందుచేతనో ఘాజీ నశించెనని తోచుచున్నది. రాజ్‌పుత్ చప్పుడు విని తొట్రుపడి క్రిందికి దిగుట దానికి తోడ్పడియుండవచ్చును. కృష్ణన్ పన్నిన మాయ వలన ఘాజీ విశాఖ ముంగిట చిక్కుకొన్నదనుట ఏ సిద్ధాంతములోనైనను నిలుచును. ఆయన కీర్తికి డెప్త్ చార్జీల లెక్కతో పని లేదు.

2017లో వచ్చిన ఘాజీ చలనచిత్రమున మన జలాంతర్గామి యొకటి సముద్రగర్భమున ఘాజీని ఎదిరించి ముంచును. రానా నటన బాగున్నది, కథ కల్పితము. కృష్ణన్ గాని, జేకబ్ గాని, పాకిస్థానువారు గాని అట్టి పోరాటము జరిగినదని చెప్పలేదు. అయినను వెర్రిబీలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఘాజీ చరిత్ర యన ఆ చిత్రమే. సెలవులకు విశాఖ పోయినపుడు వారిని రామకృష్ణా బీచిలోని కుర్సుర జలాంతర్గామి మ్యూజియమునకు కొనిపోవుదుము. అదియు 1971లో కొలువు చేసిన యోడయే, ఘాజీకంటె రవంత పొట్టి. గుండ్రని తలుపులలో మొదట కాలు చాచి, పిదప నడుము వంచి, చివరకు తల దూర్చవలెను. ముందరి గదిలో టార్పెడో గొట్టముల ప్రక్కనే, చేయి చాచిన తగులునంత దగ్గరగా, నావికులు పండుకొను పడకలు. మా మనుమడు ఆ పడకను చేతితో కొలిచి, తన జానకు ఇన్ని జానలని లెక్కపెట్టెను. ఘాజీలో 93మంది ఇట్టి చోటనే, చీకటిలో, తమ మందుగుండు ప్రక్కన శ్వాసించిరి. వారు శత్రువులు, వారికిని ఉత్తరములు వ్రాయు భార్యలుండిరి.

నౌకాదళము తన పని చేయుగాక. మనము చేయదగిన పని యొకటి మిగిలియున్నది, దానికి కాలము మించిపోవుచున్నది. కృష్ణన్ కథయందును, జేకబ్ కథయందును, శకలములను మొదట చూచినవారు మన తెలుగు జాలరులే. గ్రంథములలో వారికి దక్కినది ‘మత్స్యకారులు’ అను ఒక్క మాట. నాటి పడుచువారు నేడు డెబ్బదియేండ్లు దాటినవారు. పెదజాలరిపేటలోనో, భీమిలిలోనో, లేక ఏ కొడుకు వెంటనో ఈ వెర్రిబీ రేవు బల్లమీదనో, 1971 డిసెంబరు మొదటివారమున విశాఖ సముద్రమున వేటకు పోయిన పెద్దవారు మీ యింట నున్నయెడల, దయయుంచి ప్రక్కన కూర్చుండి అడుగుడు. తేదీ అడుగవలదు, ఆయనకు తేదీ యుండదు. నీటిపై నూనె చూచినది పున్నమినాడా, పున్నమి వెళ్లిన తరువాతనా యని అడుగుడు. ఆ ముందటి రాత్రికే ఇందిరమ్మ రేడియోలో మాటలాడియుండెనా, ఇంకను మాటలాడలేదా యని అడుగుడు. చెప్పినది చెప్పినట్లు, ఆయన మాటలతోనే, కాగితముమీద వ్రాసి, పేరును ఊరును వేసి భద్రపరచుడు.